పదిమందిలో పాము చావదు: ఉమ్మడి భవనంలో కరెంటు ప్రమాదాలను తొలగించుకునే పద్ధతి

నీళ్ల మోటారు స్విచ్చు పెట్టె మీద ఒక అట్టముక్క అంటించి ఉంటుంది. "ముట్టుకోవద్దు, షాక్ కొడుతోంది" అని పెన్నుతో రాసిన అక్షరాలు. ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో తెలియదు. సిరా వెలిసిపోయింది, టేపు ఒక అంచున ఊడి వేలాడుతోంది. మోటారు మాత్రం రోజూ నడుస్తూనే ఉంది. కాపలా మనిషి రబ్బరు చెప్పులు వేసుకుని కర్రపుల్లతో స్విచ్చు నొక్కుతున్నాడు.

నలుగురు కలిసి ఉండే భవనాల్లో ఇలాంటి అట్టముక్క ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. చూసినవారు "ఎవరో చూసుకుంటున్నారు కాబోలు" అనుకుని వెళ్లిపోతారు. రాసినవారు తమ బాధ్యత తీరిందనుకుంటారు. పదిమందిలో పాము చావదని ఊరికే అనలేదు. ఇలాంటి లోపాన్ని సరిచేయడం తెలిసిన ఎలక్ట్రీషియన్‌కు చాలాసార్లు గంటో రెండు గంటలో పట్టే పని. అతన్ని ఆ పెట్టె ముందుకు తీసుకురావడానికే నెలలు పడుతుంది. ఈ మార్గదర్శి ముఖ్యంగా ఆ నెలలను రోజులకు కుదించడం గురించి. మరమ్మతు మీరు చేయనక్కరలేదు, చేయకూడదు కూడా. గుర్తించడం, ఆపడం, రాయడం, అడగడం, సరిచూడడం మాత్రం మీ పని.

మొదట తేల్చుకోవలసింది: ఇప్పుడే ఆపాలా, రేపటిదాకా ఆగవచ్చా?

మెట్ల దగ్గర బల్బు వెలగకపోవడం ఇబ్బందే. చీకట్లో ఎవరైనా జారిపడవచ్చు కూడా. కానీ అది రేపటిదాకా ఆగుతుంది. కింద చెప్పేవి ఆగవు. వీటికి సమావేశం అక్కరలేదు, ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఇనుప రెయిలింగు, లిఫ్టు తలుపు, మోటారు, కుళాయి, మీటరు పెట్టె, వీటిలో దేన్ని ముట్టుకున్నా చేతికి జివ్వుమని తగలడం. బోర్డు నుంచి మాడు వాసన రావడం. కాలుతున్న ప్లాస్టిక్ వాసన కొన్నిసార్లు చేపల కంపులా ఉంటుంది, అందుకే చాలామంది దాన్ని వంటింటి మీదికి నెట్టేస్తారు. స్విచ్చు బోర్డు అరచేతి వెనుక భాగానికి వేడిగా తగలడం, లోపల చిటపటమనడం, ప్లగ్గు రంధ్రాల చుట్టూ గోధుమ రంగు మచ్చ. పైపు నుంచో పైకప్పు నుంచో కారే నీరు ప్యానెల్ (భవనం స్విచ్చులన్నీ ఉండే పెట్టె) వైపు రావడం. వైరు తెగి రాగి బయటపడటం.

వీటన్నిటికంటే తక్కువమందికి తెలిసిన లక్షణం ఇంకొకటి ఉంది. కొన్ని ఇళ్లలో దీపాలు ఉన్నట్టుండి కళ్లు మిరుమిట్లు గొలిపేలా వెలిగి, అదే సమయంలో మరికొన్ని ఇళ్లలో మిణుకుమిణుకుమనడం. భవనానికి మూడు ఫేజుల సరఫరా, అంటే కరెంటు తెచ్చే మూడు వైర్లు వచ్చి, ఒక్కో ఇంటికి ఒక్కో ఫేజు పంచినప్పుడు అందరికీ ఉమ్మడిగా ఉండేది కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ వైరు. అది ఎక్కడో ఊడితే ఫేజుల మధ్య సమతూకం పోతుంది. 230 వోల్టులు అందాల్సిన ఇళ్లలో తక్కువ వాడకం ఉన్నవాటికి వోల్టేజి 400 వైపు ఎగబాకుతుంది, ఎక్కువ వాడకం ఉన్నవాటికి పడిపోతుంది. ఫ్రిజ్‌లు, టీవీలు వరుసగా కాలిపోతాయి, మంటలూ రావచ్చు. "మా ఇంట్లో లైట్లు డిమ్‌గా ఉన్నాయి" అని ఒకరు, "మా ఇంట్లో మరీ ఎక్కువ వెలుగు" అని మరొకరు విడివిడిగా చెప్పుకుంటే ఎవరికీ విషయం అర్థం కాదు. రెండూ ఒకేసారి వినబడితే భవనం మెయిన్ స్విచ్చు ఆపించి, సరఫరా సంస్థ అత్యవసర నంబరుకు ఫోను చేయాలి.

"కొంచెమే కదా" అనే మాట గురించి

"చిన్నగా జిల్లుమంటుంది, అంతే" అనే మాట నాకు అస్సలు గిట్టదు. లెక్క చూడండి. ఆంపియర్‌లో వెయ్యో వంతు, అంటే ఒక మిల్లీఆంపియర్ దగ్గర మనిషికి కరెంటు స్పర్శ తెలియడం మొదలవుతుంది. పది మిల్లీఆంపియర్ల చుట్టుపక్కల కండరాలు బిగిసి, పట్టుకున్నదాన్ని వదలలేని స్థితి వస్తుంది. 30 దాటాక, తగిలే సమయం పెరిగేకొద్దీ ఊపిరికీ గుండె లయకూ ముప్పు. పాతకాలపు 60 వాట్ల బల్బు 230 వోల్టుల దగ్గర సుమారు 260 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది. మనిషిని చంపడానికి ఒక బల్బు వెలిగించేంత కరెంటు కూడా అక్కరలేదన్నమాట.

అదే రెయిలింగు నిన్న జిల్లుమంది, ఇవాళ ప్రాణం తీయవచ్చు. తేడా రెయిలింగులో లేదు. నిన్న చేయి పొడిగా ఉంది, కాలికి చెప్పు ఉంది. ఇవాళ వాన పడింది, ఒక పిల్లవాడు తడి కాళ్లతో వచ్చాడు. తడిసిన శరీరం నిరోధం వెయ్యి ఓమ్‌లకు పడిపోతే 230 వోల్టులు దాని గుండా పంపేది 230 మిల్లీఆంపియర్లు.

ఆపడం

ఆపడానికి ముందు ఎక్కడ ఆపాలో తెలియాలి. ప్రమాదం వచ్చిన రోజున మీటరు గది తాళంచెవి వెతుక్కోవడం మొదలుపెట్టే భవనాలే ఎక్కువ. ఈ వ్యాసం చదువుతున్న రోజే ఒకసారి కిందికి దిగండి. మెయిన్ స్విచ్చు ఏది, ఉమ్మడి దీపాలకు, మోటారుకు, లిఫ్టుకు వేర్వేరు స్విచ్చులు ఏవి, తాళంచెవులు ఎవరి దగ్గర ఉన్నాయి, రాత్రి రెండు గంటలకు ఆ మనిషి తలుపు తీస్తాడా, తెలుసుకోండి. ప్యానెల్ లోపల ఏ పేరూ రాయని ఎంసీబీలు (కరెంటు మోతాదు మించితే వాటంతటవే పడిపోయి లైనును ఆపే స్విచ్చులు) పన్నెండు వరుసగా కనిపిస్తే ఆశ్చర్యపోకండి. ఎలక్ట్రీషియన్ చేత మొదట చేయించవలసిన పని వాటికి చీటీలు రాయించడమే.

లోపం ఉన్న సర్క్యూట్‌ను ఎంసీబీ దగ్గర ఆపేయండి. ఆపి వదిలేస్తే సరిపోదు. నీళ్లు రావడం లేదని పై అంతస్తు నుంచి ఎవరో వచ్చి, ఎంసీబీ పడిపోయిందనుకుని మళ్లీ పైకి లేపుతారు. ఆ సమయానికి ఎలక్ట్రీషియన్ చేయి మోటారు లోపల ఉండవచ్చు. ఎంసీబీకి తగిలించే చిన్న తాళాలు దొరుకుతాయి, లేదంటే ప్యానెల్ తలుపుకే తాళం వేయండి. మీద కాగితం అంటించండి. "ముట్టుకోవద్దు" అన్నంత మాత్రాన ఎవరూ ఆగరు. ఎందుకు ఆపారో, ఎవరు ఆపారో, ఎప్పుడు ఆపారో, ఎవరిని అడగాలో రాయండి. పేరూ ఫోను నంబరూ ఉన్న కాగితానికి ఉన్న విలువ అనామక అట్టముక్కకు ఉండదు.

రెండు హెచ్చరికలు. ప్యానెల్ ముందు నీళ్లు నిలిచి ఉంటే అందులో నిలబడి స్విచ్చు ఆపడానికి ప్రయత్నించవద్దు. దూరంగా ఉండి, ఇతరులను దూరంగా ఉంచి, సరఫరా సంస్థ చేత బయటి నుంచే ఆపించండి. రెండోది, టెస్టర్ వెలగనంత మాత్రాన కరెంటు లేదని అర్థం కాదు. జేబులో పెట్టుకునే నియాన్ టెస్టర్ పాడైపోయి ఉండవచ్చు. పనివారు పాటించే నియమం ఇది: కరెంటు ఉందని కచ్చితంగా తెలిసిన చోట పరికరాన్ని ఒకసారి చూసి, తర్వాత ఆపిన చోట చూసి, మళ్లీ తెలిసిన చోట చూడాలి. మీరు పిలిచిన మనిషి ఇలా మూడుసార్లు చూస్తే సరైన మనిషినే పిలిచారు.

ఎవరికైనా షాక్ తగిలితే

పట్టుకుని లాగవద్దు, మీరూ అతుక్కుపోతారు. ముందు కరెంటు ఆపండి. ఆపడం కుదరకపోతే, పొడి నేల మీదో పొడి చెక్క మీదో నిలబడి, పొడి కర్రతో వైరును గానీ చేతిని గానీ విడదీయండి. ఇది ఇళ్లకు వచ్చే సరఫరాకే వర్తిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరా హైటెన్షన్ తీగల దగ్గరా కర్ర కూడా కాపాడదు, అటు వెళ్లవద్దు. ఒకరు అంబులెన్సుకు ఫోను చేయండి. మనిషికి స్పృహ లేక, ఊపిరి మామూలుగా ఆడకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో ఐదు సెంటీమీటర్ల లోతుకు తగ్గకుండా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి, సహాయం వచ్చేదాకా. లేచి కూర్చుని "నాకేం కాలేదు" అన్నా వైద్యుడికి చూపించండి. గుండె లయ తప్పడం, లోపలి కాలిన గాయాలు పైకి కనిపించవు.

మంట వస్తే నీళ్లు పోయవద్దు. కార్బన్ డయాక్సైడ్ గానీ పొడి రసాయనం గానీ ఉన్న సిలిండరు వాడాలి, అదీ మంట చిన్నదిగా ఉండి మీ వెనుక బయటికి దారి ఉన్నప్పుడే.

రాసుకోవడం

ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు లోపం తరచుగా దాక్కుంటుంది. అతను చూసినప్పుడు అంతా బాగానే ఉంటుంది, అతను గేటు దాటగానే మళ్లీ మొదలవుతుంది. అందుకే పుస్తకం కావాలి. "కరెంటు తరచుగా పోతోంది" అని రాస్తే పనికిరాదు. "మంగళవారం రాత్రి 9.10కి మూడో అంతస్తు వరండా లైన్ పడిపోయింది. గంట ముందు వాన ఆగింది. శుక్రవారం మళ్లీ అదే, ఆ రోజూ వాన. ఎండ ఉన్న వారం మొత్తంలో ఒక్కసారి కూడా పడలేదు." ఈ నాలుగు వాక్యాలు చదివిన పనివాడు నేరుగా పిట్టగోడ మీది దీపం దగ్గరికి వెళ్లి, లోపల నీరు నిండిన డబ్బా విప్పుతాడు.

ఫోటోలు తీయండి, కానీ మూత విప్పి కాదు. బయటి నుంచి కనిపించేది చాలు. ఏ అంతస్తు, ఏ గోడ అన్నది తెలిసేలా ఒకటి దూరం నుంచి, ఒకటి దగ్గర నుంచి.

ఎవరి బాధ్యత

సాధారణంగా సరఫరా సంస్థ బాధ్యత మీటరు వరకు ఉంటుంది. మీటరు నుంచి మెట్లు, లిఫ్టు, మోటారు, పార్కింగు వరకు ఉండే ఉమ్మడి లైన్లు సంఘానికో భవన యజమానికో చెందుతాయి. ఇంటి లోపలివి ఆ ఇంటివారివి. గొడవ వచ్చేది సరిహద్దు దగ్గర: మీటరు గది నుంచి ఇంటికి వెళ్లే వైరు ఎవరిది? ఇది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, సంఘం నిబంధనల్లోనో అద్దె ఒప్పందంలోనో చూడాలి. నా సలహా ఒకటే: బాధ్యత తేలేదాకా ఆగి ఆపవద్దు, ముందు ఆపి తర్వాత తేల్చుకోండి.

ఉత్తరం

వాట్సాప్ గుంపులో పెట్టిన సందేశం శుభోదయాల మధ్య కొట్టుకుపోతుంది. సంఘం కార్యదర్శికో యజమానికో నిర్వాహకులకో ప్రత్యేకంగా, రాతపూర్వకంగా పంపండి. ప్రతి దాచుకోండి. నింద వద్దు, విశేషణాలు వద్దు. నేనైతే ఇలా రాస్తాను (ఎర్తింగు అంటే లోపం వచ్చినప్పుడు కరెంటును నేలలోకి పంపే ఏర్పాటు, ఇన్సులేషన్ అంటే కరెంటు బయటికి రాకుండా ఉంచే తొడుగు):

"ఈ నెల 12న సాయంత్రం 6.40కి నేల అంతస్తులోని మోటారు పెట్టె తలుపు ముట్టుకున్నప్పుడు నాకు షాక్ తగిలింది. అప్పుడు మోటారు నడుస్తోంది, నేల తడిగా ఉంది. ఆ సర్క్యూట్‌ను 6.50కి ఆపి తాళం వేశాం. తాళంచెవి నా దగ్గర ఉంది. మోటారు ఎర్తింగును, ఇన్సులేషన్‌ను అర్హత గల ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించి, కొలతలు రాసిన నివేదిక వచ్చాకే తిరిగి ఆన్ చేయాలని కోరుతున్నాను. ఎవరు పిలుస్తున్నారో, ఏ రోజు వస్తున్నారో రేపు సాయంత్రంలోగా తెలియజేయండి."

చివరి వాక్యమే ఇందులో ప్రాణం. "తగు చర్యలు తీసుకోగలరు" అని ముగించిన ఉత్తరానికి జవాబు రాదు. ఒక మనిషి పేరూ ఒక తేదీ అడిగితే, ఇవ్వకపోవడం కూడా రాతలో మిగులుతుంది. గడువు దాటితే అదే ఉత్తరాన్ని జతచేసి సరఫరా సంస్థకు, విద్యుత్ భద్రతను చూసే ప్రభుత్వ విభాగానికి, అగ్నిమాపక శాఖకు పంపవచ్చు.

ఎలక్ట్రీషియన్‌ను ఏమి అడగాలి

అర్హత పత్రం చూపమని అడగడానికి మొహమాటపడవద్దు. ఆ తర్వాత అతని మాటలు వినండి. ఒక్క మాట వినబడితే మాత్రం మర్యాదగా పంపించేయండి: "ఎంసీబీ ఊరికే పడుతోంది, పెద్దది వేసేద్దాం."

మా భవనంలో ఒకసారి అదే జరిగింది. పార్కింగులోని సాకెట్ల లైనుకు 16 ఆంపియర్ల ఎంసీబీ ఉండేది. ఇద్దరు ముగ్గురు స్కూటర్లు చార్జింగు పెట్టడం మొదలుపెట్టాక అది రోజూ పడేది. ఎవరో 32 వేయించారు. పడటం ఆగిపోయింది, అందరూ సంతోషించారు. కొన్ని నెలల తర్వాత గోడకు సున్నం వేస్తున్న మనిషి, పైపు మీద చేయి పెట్టి చటుక్కున తీసేశాడు. విప్పి చూస్తే లోపలి ఎర్ర వైరు తొడుగు ముదురు గోధుమ రంగుకు తిరిగి, వేలితో వంచితే పెళుసుగా విరిగింది.

ఎంసీబీ ఉన్నది వైరును కాపాడటానికి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, ఎలా పరిచారన్నదాన్ని బట్టి, సుమారు 20 ఆంపియర్ల చుట్టుపక్కల మోస్తుంది. 16 ఆంపియర్ల ఎంసీబీ 23 ఆంపియర్లు దాటితే గంటలోపు పడుతుంది. 32 ఆంపియర్లది 36 దగ్గర గంటసేపైనా పడనక్కరలేదు. ఆ గంటలన్నీ వైరు గోడలో కాలుతూ ఉంటుంది. స్కూటర్లు పెరిగితే వాటికి ప్రత్యేక లైను వేయించాలి. అప్పటిదాకా చుట్టచుట్టిన పొడిగింపు తీగతో చార్జింగు పెట్టనివ్వకండి. చుట్ట లోపలి వేడి బయటికి పోదు.

ఎంసీబీ సరైనదే అయినా పట్టుకోలేని లోపం ఒకటుంది: వదులైన స్క్రూ. ఒక జాయింటు దగ్గర అర ఓమ్ నిరోధం పేరుకుని, అందులో పది ఆంపియర్లు పోతున్నాయనుకోండి. అక్కడ పుట్టే వేడి 50 వాట్లు, అంటే ఒక టంకం వేసే కడ్డీ అంత. అది ఒక స్క్రూ తల మీద, ప్లాస్టిక్ పెట్టె లోపల. లైనులో పోతున్నది పది ఆంపియర్లే కాబట్టి ఎంసీబీకి ఏ అనుమానమూ రాదు. అందుకే మాడు వాసన వస్తున్నా ఎంసీబీ పడలేదు కాబట్టి ఏమీ లేదనే వాదన చెల్లదు. వాడకం బాగా ఉన్న వేళ థర్మల్ కెమెరాతో ప్యానెల్ చూపిస్తే ఇలాంటి చోట్లు దీపంలా కనిపిస్తాయి.

ఇక ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా అని ఇది సరిచూస్తుంది. తేడా వస్తే, అది మనిషి గుండా నేలలోకి పోతున్నదేమో అని లైను తెంపేస్తుంది. మనుషుల రక్షణకు వాడేది 30 మిల్లీఆంపియర్లది. అంత తేడా వస్తే 300 మిల్లీసెకన్లలోపు తెగాలి. ఒక చేత్తో ఫేజు, మరో చేత్తో న్యూట్రల్ పట్టుకున్న మనిషిని ఇది కాపాడలేదు, ఎందుకంటే లెక్క సరిపోతుంది. ఎర్తింగుకు ఇది ప్రత్యామ్నాయం కూడా కాదు.

భవనమంతటికీ ఒకటే ఆర్‌సీసీబీ ఉంటే ఒక వరండా దీపంలో చేరిన నీరు అందరినీ చీకట్లో పడేస్తుంది. నాలుగోసారికి ఎవరో దాన్ని పక్కన పెట్టి నేరుగా వైరు కలిపించేస్తారు. ఇది నేను చూసిన అన్ని తప్పుల్లోనూ దారుణమైనది. ఉమ్మడి లైన్లను నాలుగైదుగా విడగొట్టి, ఒక్కోదానికి ఒక్కో ఆర్‌సీసీబీ పెట్టించండి. ఏది పడితే లోపం అక్కడే.

నివేదికలో అడగవలసిన కొలతలు ఇవి: ప్రతి ఇనుప వస్తువు నుంచి ఎర్తు వరకు వైరు తెగకుండా ఉందా, మెగ్గర్‌తో (ఇన్సులేషన్‌ను కొలిచే పరికరం) 500 వోల్టుల దగ్గర ఇన్సులేషన్ నిరోధం ఎంత, ఆర్‌సీసీబీ ఎన్ని మిల్లీసెకన్లలో తెగింది. ఇన్సులేషన్ ఒక మెగాఓమ్‌కు తగ్గితే ఆ లైనును వాడకూడదు. "అంతా బాగుంది" అని సంతకం చేసిన కాగితం మీద అంకెలు లేకపోతే అది నివేదిక కాదు.

డబ్బు

ఇక్కడ గొడవలు తప్పవు. అందరూ అందలమెక్కితే మోసేవారెవరు అన్నది ప్రతి సంఘ సమావేశంలోనూ నిజమవుతుంది. ఎలక్ట్రీషియన్ చేత పనులను మూడు రకాలుగా రాయించండి: ఇప్పుడే చేయవలసినవి, ఈ ఏడాదిలో చేయవలసినవి, చేస్తే మంచివి. మొదటి రకం మీద ఓటింగు పెట్టకండి.

పని అయ్యాక

పాత ఫోటోలు పట్టుకుని ఒక్కో చోటా తిరగండి. షాక్ కొట్టిన వస్తువుకు ఎర్తు కొలత మీ ముందే తీయించండి, చేత్తో ముట్టి చూడటం పరీక్ష కాదు. మూతలన్నీ తిరిగి బిగించారా, తీసేసిన పాత వైరు కొస కరెంటుతోనే ఎక్కడైనా మిగిలిపోయిందా చూడండి. ప్యానెల్ తలుపు లోపలి వైపు ఏ ఎంసీబీ దేనిదో చెప్పే చీటీ అంటించండి. మీటరు గదిలోని పాత కుర్చీలు, రంగు డబ్బాలు, సైకిళ్లు ఆ రోజే బయటికి పంపండి. ఎవరివో అడుగుతూ కూర్చుంటే మళ్లీ ఏడాది పడుతుంది.

పుస్తకం మూసేయకండి. ఆర్‌సీసీబీ మీద టెస్టు బొత్తాం ఉంటుంది, దాన్ని తయారీదారు చెప్పిన వ్యవధికి ఒకసారి నొక్కి, పడిందో లేదో తేదీ వేసి రాయాలి. పడకపోతే అది మార్చవలసిందే. ఈ పనికి ఒక మనిషిని పేరు పెట్టి నియమించండి, ఆయన ఊళ్లో లేనప్పుడు చేసే రెండో మనిషిని కూడా. లిఫ్టు లైను బొత్తాం నొక్కేముందు లోపల ఎవరూ లేరని చూసుకోండి. మేము మొదటిసారి అది మరిచిపోయాం, రెండో అంతస్తు పెద్దాయన పావుగంట లిఫ్టులో ఉండిపోయారు. ఆ తేదీ ఎదురుగా ఆయనే తన చేత్తో రాసిన ఫిర్యాదు మా పుస్తకంలో ఇప్పటికీ ఉంది.